రిజిస్ట్రీ క్లీనర్ వాడితే కంప్యూటర్ స్పీడ్ పెరుగుతుందా? ‘ఫిక్స్ ఆల్’ నొక్కేముందు ఇది చదవండి

“అన్నా, మా సిస్టమ్ స్కాన్ చేస్తే 812 ఎర్రర్లు చూపిస్తోంది. అన్నీ ఎర్ర రంగులో ఉన్నాయి. ఫిక్స్ ఆల్ కొట్టేయనా?”

ఇలాంటి మెసేజ్ నాకు తరచూ వస్తుంటుంది. పంపేవాళ్లు మారతారు, ఎర్రర్ల సంఖ్య మారుతుంది, ప్రశ్న మాత్రం అదే. నా జవాబు కూడా ప్రతిసారీ ఒకటే: వద్దు, ఆ విండో క్లోజ్ చేసేయండి. ఎందుకు వద్దంటున్నానో ఒక్క మెసేజ్‌లో చెప్పడం కుదరదు. అందుకే ఈ ఆర్టికల్. రిజిస్ట్రీ అంటే ఏమిటి, క్లీనర్లు అందులో ఏం తీసేస్తాయి, దానివల్ల ఏం పోతుంది, ఇప్పటికే క్లీన్ చేసేసి ఉంటే ఏం చేయాలి, కంప్యూటర్ నిజంగా స్లో అయితే దేన్ని సరిచేయాలి అన్నవి ఒక్కొక్కటిగా చూద్దాం. ముందు నేను చేసిన తప్పు చెప్తాను.

బాబాయి డీటీపీ సెంటర్‌లో ఆ రాత్రి

నేను ఇంజినీరింగ్ చదువుతున్న రోజులవి. తెనాలిలో మా బాబాయికి చిన్న డీటీపీ సెంటర్ ఉండేది. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు చేసేవాడు. ఒకే ఒక్క కంప్యూటర్, విండోస్ 7, పేజ్‌మేకర్, ఏళ్ల తరబడి పోగేసిన తెలుగు ఫాంట్లు. ఆ ఫాంట్లన్నీ ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో పెట్టుకున్నాడు. పగలు షాపులో, రాత్రి ఇంట్లో ఉన్న సిస్టమ్‌లో, రెండు చోట్లా అదే డిస్క్ వాడేవాడు. ఫాంట్లు కాపీ చేయకుండా షార్ట్‌కట్ ద్వారా ఇన్‌స్టాల్ చేసే ఆప్షన్ విండోస్‌లో ఉంది కదా, అది నేర్పించింది కూడా నేనే.

మాఘమాసం, పెళ్లిళ్ల సీజన్. సిస్టమ్ మరీ నెమ్మదించిందని బాబాయి గొడవ పెడుతున్నాడు. “నువ్వు ఇంటికెళ్లు బాబాయ్, నేను క్లీన్ చేసి తాళం వేసుకొని వస్తా” అన్నాను. ఆయన హార్డ్ డిస్క్ తీసుకొని ఇంటికి వెళ్లిపోయాడు. నేను ఒక ఫ్రీ క్లీనర్ వేసి రిజిస్ట్రీ స్కాన్ చేశాను. ఆరు వందలకు పైగా ‘సమస్యలు’ కనిపించాయి. బ్యాకప్ తీసుకోమంటారా అని అడిగింది. నో కొట్టాను. అంతకు వారం ముందే డిస్క్ స్పేస్ కోసమని సిస్టమ్ రీస్టోర్ కూడా నేనే ఆపేసి ఉన్నాను. ఫిక్స్ ఆల్ నొక్కాను. ‘మీ కంప్యూటర్ ఇప్పుడు క్లీన్’ అని ఆకుపచ్చ టిక్ వచ్చింది. చాలా సంతోషంగా తాళం వేసి వెళ్లాను.

పొద్దున తొమ్మిదికి బాబాయి ఫోన్. “ఒరేయ్ అబ్బాయ్, అక్షరాలు ఎక్కడికి పోయాయిరా?”

వెళ్లి చూస్తే శుభలేఖలో పెళ్లికూతురి పేరు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు. పాత తెలుగు డీటీపీ ఫాంట్లు యూనికోడ్ కావు. లోపల ఉండేది ఇంగ్లిష్ కోడ్‌లే, ఫాంట్ ఉంటేనే అవి తెలుగులా కనిపిస్తాయి. ఫాంట్ పోతే మిగిలేది ఆ చెత్తే. జరిగిందేమిటంటే, నేను స్కాన్ చేసినప్పుడు హార్డ్ డిస్క్ షాపులో లేదు. రిజిస్ట్రీలో ఫాంట్ల అడ్రస్‌లు ఉన్నాయి, ఆ అడ్రస్‌లో ఫైళ్లు లేవు. క్లీనర్ వాటన్నింటినీ ‘పనికిరాని ఎంట్రీలు’ అని తీసేసింది. పొద్దున డిస్క్ పెట్టినా విండోస్‌కి వాటి సంగతే తెలియదు.

ఫాంట్లు మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం గంట పని, అది అయిపోయింది. కానీ కంగారులో బాబాయి ఒక ఫైల్‌ని వేరే ఫాంట్‌తో సేవ్ కొట్టేశాడు, ఆ కార్డు మొదటి నుంచి కట్టాల్సి వచ్చింది. దానికంటే పెద్ద దెబ్బ తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్. దాని రిజిస్ట్రేషన్ వివరాలు కూడా క్లీనింగ్‌లో పోయాయి, మళ్లీ సీరియల్ నంబర్ అడగడం మొదలెట్టింది. అమ్మినాయన ఎప్పుడో షాపు ఎత్తేశాడు. రెండు రోజులు వెతికితే ఒక పాత బిల్లు బుక్ అట్ట వెనకాల పెన్నుతో రాసిపెట్టిన నంబర్ దొరికింది. ఆ రెండు రోజుల్లో మూడు పెళ్లిళ్ల పార్టీలు పక్క షాపుకి వెళ్లిపోయాయి. బాబాయి నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఇప్పటికీ గుర్తుంది.

ఇంత చేశాక సిస్టమ్ స్పీడ్ పెరిగిందా? లేదు, అంతే స్లోగా ఉంది.

అసలు రిజిస్ట్రీ అంటే ఏమిటి?

విండోస్, అందులో ఉన్న ప్రోగ్రామ్‌లు తమ సెట్టింగ్స్ రాసిపెట్టుకునే ఉమ్మడి డేటాబేస్ రిజిస్ట్రీ. డబుల్ క్లిక్ చేస్తే ఏ ఫైల్ ఏ ప్రోగ్రామ్‌లో తెరుచుకోవాలి, ఏ డ్రైవర్ ఎప్పుడు లోడ్ అవ్వాలి, మీ వాల్‌పేపర్ ఏది, ప్రింటర్ పేరేంటి, ఫలానా సాఫ్ట్‌వేర్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేయాలంటే ఏ ఫైల్ రన్ చేయాలి, ఇవన్నీ అక్కడే ఉంటాయి.

విండోస్ 3.1 లో ఇది చిన్నగా మొదలైంది. అప్పట్లో ప్రోగ్రామ్‌లు ఎక్కువగా ఐఎన్ఐ అనే టెక్స్ట్ ఫైళ్లలో సెట్టింగ్స్ రాసుకునేవి. 1995లో విండోస్ 95 వచ్చాక దాదాపు అన్నీ రిజిస్ట్రీలోకి చేరాయి. ఇప్పటి విండోస్‌లో ఇది ఒకే ఫైల్ కాదు. సిస్టమ్, సాఫ్ట్‌వేర్, శామ్, సెక్యూరిటీ, డిఫాల్ట్ అనే ఫైళ్లు విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32 లోపల కాన్ఫిగ్ ఫోల్డర్‌లో ఉంటాయి. వీటిని హైవ్‌లు అంటారు. ప్రతి యూజర్‌కీ సొంతంగా ఎన్‌టీయూజర్ డాట్ డ్యాట్ అనే ఇంకో ఫైల్ ఉంటుంది. రెగ్‌ఎడిట్ ఓపెన్ చేస్తే ఎడమవైపు ఫోల్డర్లలా కనిపించేవి కీలు, కుడివైపు కనిపించేవి వాల్యూలు.

ఈ ఫైళ్లలో సిస్టమ్ హైవ్ దెబ్బతింటే విండోస్ అసలు బూటే అవ్వదు. అంటే మనం ‘చెత్త’ అని చీపురు పట్టుకుని వెళ్తున్నది ఇంటి వరండాలోకి కాదు, కరెంటు మీటరు బోర్డులోకి.

చెత్త పేరుకోవడం నిజమే, కానీ స్లో అయ్యేది దానివల్ల కాదు

రిజిస్ట్రీలో పాత ఎంట్రీలు మిగిలిపోవడం అబద్ధం కాదు. చాలా సాఫ్ట్‌వేర్‌లు అన్‌ఇన్‌స్టాల్ అయ్యాక కూడా కొన్ని కీలు వదిలేసి పోతాయి. దానివల్ల ఎంత భారం పడుతుందో చూస్తేనే అసలు విషయం తెలుస్తుంది.

చిన్న లెక్క వేద్దాం. క్లీనర్ 500 ఎంట్రీలు తీసేసింది అనుకోండి. ఒక్కొక్కటి 200 బైట్లు అనుకుంటే మొత్తం లక్ష బైట్లు, అంటే సుమారు 100 కేబీ. వాట్సాప్‌లో వచ్చే ఒక గుడ్ మార్నింగ్ ఫొటో సైజు. సాఫ్ట్‌వేర్ హైవ్ ఒక్కటే సాధారణంగా పదుల ఎంబీల్లో ఉంటుంది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. పైగా ఎంట్రీ డిలీట్ చేసినంత మాత్రాన ఆ హైవ్ ఫైల్ సైజు వెంటనే తగ్గిపోదు. లోపల ఆ చోటు ఖాళీ అని గుర్తు పడుతుంది, అంతే.

ఇంకో విషయం. విండోస్ ఒక సెట్టింగ్ కావాలంటే రిజిస్ట్రీ మొత్తం మొదటి నుంచి చివరిదాకా చదవదు. ఫలానా కీ, దాని లోపల ఫలానా కీ అని దారి పట్టుకుని నేరుగా అక్కడికే వెళ్తుంది. మీ ఊళ్లో ఖాళీ ఇళ్లు పది ఉన్నా పోస్ట్‌మ్యాన్ మీ ఇంటికి రావడానికి ఆలస్యం కాదు కదా, ఇదీ అంతే. విండోస్ లోపలి పనితీరు మీద పుస్తకాలు రాసిన మార్క్ రస్సినోవిచ్ 2005లోనే ఈ విషయం రాశారు. రిజిస్ట్రీ బాగా ఉబ్బిపోయినా, దాన్నంతా వెతికే పనులకు తప్ప మిగతా పనుల స్పీడ్ మీద పెద్దగా తేడా ఉండదని ఆయన మాట సారాంశం.

మరి ఈ క్లీనర్ల పిచ్చి ఎక్కడి నుంచి వచ్చింది? ఒకప్పుడు దానికి కొంత కారణం ఉంది. విండోస్ 95, 98 రోజుల్లో రిజిస్ట్రీ తరచూ పాడయ్యేది. విండోస్ ఎన్‌టీ, 2000 లో రిజిస్ట్రీ ఎంత పెరగొచ్చో ఒక పరిమితి కూడా ఉండేది. విండోస్ ఎక్స్‌పీ నుంచి మెమరీలో దాన్ని ఉంచే పద్ధతి మారింది, ఆ పరిమితి పోయింది. సమస్య పోయినా దానికిచ్చే మందు మాత్రం మార్కెట్‌లో అలాగే అమ్ముడవుతోంది.

క్లీనర్ ఎక్కడ పొరబడుతుంది?

క్లీనర్ ప్రోగ్రామ్‌కి మీ కంప్యూటర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఎలా పని చేస్తుందో తెలియదు. దానికి తెలిసింది కొన్ని రూల్స్ మాత్రమే. ‘ఈ ఎంట్రీలో ఒక ఫైల్ అడ్రస్ ఉంది. అక్కడ ఆ ఫైల్ లేదు. కాబట్టి ఇది చెత్త.’ ఇది ఎలా ఉంటుందంటే, ఇంటికి తాళం వేసి ఉందని ఓటరు లిస్టులోంచి పేరు తీసేసినట్టు. మనిషి పక్క ఊరికి వెళ్లాడో, అసలే లేడో చూసేవాళ్లు లేరు. పొరబాట్లు ఎక్కువగా ఈ ఐదు చోట్ల జరుగుతాయి.

1. తీసేసిన డ్రైవ్‌లు. పెన్ డ్రైవ్, ఎక్స్‌టర్నల్ డిస్క్, ఆఫీసులో నెట్‌వర్క్ డ్రైవ్, ఇవి స్కాన్ సమయంలో కనెక్ట్ అయి లేకపోతే వాటికి సంబంధించిన ఎంట్రీలన్నీ చెత్తలా కనిపిస్తాయి. మా బాబాయి ఫాంట్లు పోయింది ఇలాగే.

2. 32 బిట్, 64 బిట్ గందరగోళం. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ ప్రోగ్రామ్ రన్ అయితే దానికి సిస్టమ్32 ఫోల్డర్ బదులు వేరే ఫోల్డర్ చూపిస్తుంది విండోస్. రిజిస్ట్రీలో కూడా కొన్ని భాగాలు వేరేగా కనిపిస్తాయి. ఈ సంగతి సరిగా పట్టించుకోకుండా రాసిన పాత క్లీనర్‌కి నిజంగా ఉన్న ఫైల్ కూడా లేనట్టే అనిపించవచ్చు.

3. ఖాళీగా కనిపించే వాల్యూలు. కొన్నిచోట్ల వాల్యూ పేరు ఉండటమే సమాచారం, లోపల ఏమీ ఉండక్కర్లేదు. ఒక మంచి ఉదాహరణ ఉంది. షార్ట్‌కట్ ఫైళ్ల కీ లోపల ఈజ్‌షార్ట్‌కట్ అనే ఖాళీ వాల్యూ ఉంటుంది. డెస్క్‌టాప్ ఐకాన్ మీద చిన్న బాణం గుర్తు నచ్చక దాన్ని డిలీట్ చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. బాణం పోతుంది. దాంతోపాటు విండోస్ 10 లో స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే మెనూ పనిచేయడం మానేస్తుంది, టాస్క్‌బార్‌కి పిన్ చేయడంలో కూడా ఇబ్బంది వస్తుంది. ఒక్క ఖాళీ వాల్యూతో ఇంత కథ.

4. ఇన్‌స్టాలర్ రికార్డులు. ఎంఎస్ఐ పద్ధతిలో ఇన్‌స్టాల్ అయిన సాఫ్ట్‌వేర్‌లు తమ అప్‌డేట్, రిపేర్, అన్‌ఇన్‌స్టాల్ కోసం రిజిస్ట్రీలో చాలా వివరాలు రాసుకుంటాయి. వాటిలో ఒకటి రెండు పోయినా ప్రోగ్రామ్ మామూలుగానే నడుస్తుంది. ఆరు నెలల తర్వాత అప్‌డేట్ చేయబోతే అవదు. సరే తీసేద్దామంటే అన్‌ఇన్‌స్టాల్ కూడా అవదు. అప్పటికి క్లీనర్ వాడిన సంగతే మనకు గుర్తుండదు, తప్పు సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద వేస్తాం. మైక్రోసాఫ్ట్ సొంతంగా ఇచ్చిన ఇన్‌స్టాలర్ క్లీనప్ యుటిలిటీని కూడా 2010లో వెనక్కి తీసుకుంది. అది కొన్నిసార్లు వేరే ప్రోగ్రామ్‌ల భాగాలను కూడా దెబ్బతీస్తోందని తేలింది.

5. కామ్, యాక్టివ్ఎక్స్ ఎంట్రీలు. పొడవాటి నంబర్లతో ఉండే ఈ కీలు చూడటానికి అచ్చం చెత్తలాగే ఉంటాయి. కానీ ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌ని పిలవాలంటే వీటి ద్వారానే. ఇవి పోతే రైట్ క్లిక్ మెనూలో ఆప్షన్లు మాయమవడం, ఎక్సెల్ యాడ్ ఇన్ పని చేయకపోవడం లాంటివి జరుగుతాయి.

మైక్రోసాఫ్ట్ ఏమంటోంది?

ఒకప్పుడు మైక్రోసాఫ్టే రెగ్‌క్లీన్ అనే టూల్ ఇచ్చింది, తర్వాత ఆపేసింది. ఇప్పుడు వాళ్ల సపోర్ట్ పాలసీ స్పష్టంగా ఉంది: రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని మైక్రోసాఫ్ట్ సపోర్ట్ చేయదు. వాటివల్ల తీవ్రమైన సమస్యలు రావచ్చు, ఒక్కోసారి విండోస్ మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సి రావచ్చు, అప్పుడు కూడా సమస్య పోతుందని గ్యారంటీ ఇవ్వలేం అని అందులో ఉంది.

2018లో ఇంకో అడుగు వేశారు. ఫ్రీగా స్కాన్ చేసి, భయపెట్టే మెసేజ్‌లు చూపించి, ఫిక్స్ చేయాలంటే డబ్బు కట్టమనే క్లీనర్లు, ఆప్టిమైజర్లను ఆ ఏడాది మార్చి నుంచి విండోస్ డిఫెండర్ అవాంఛిత సాఫ్ట్‌వేర్‌గా గుర్తించి తీసేస్తుందని ప్రకటించారు.

ఎర్ర రంగు అంకెల వెనక వ్యాపారం

ఆ 812 అనే అంకె ఎందుకంత పెద్దది? ఎందుకంటే 3 ఎర్రర్లు అంటే ఎవరూ డబ్బు కట్టరు.

ఇది నా ఊహ మాత్రమే కాదు. 2019లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసులో ఆఫీస్ డిపో, సపోర్ట్ డాట్ కామ్ కలిపి 3.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. స్టోర్‌లో కస్టమర్ల కంప్యూటర్లకు ‘హెల్త్ చెక్’ చేసేవారు. స్కాన్‌కి ముందు కంప్యూటర్ స్లోగా ఉందా లాంటి నాలుగు ప్రశ్నలు అడిగేవారు. వాటిలో ఒక్కదానికి టిక్ పెట్టినా చాలు, స్కాన్‌లో ఏం దొరికినా దొరక్కపోయినా మాల్‌వేర్ లక్షణాలు ఉన్నాయని రిజల్ట్ వచ్చేదని కమిషన్ ఆరోపణ. 2024లో రెస్టోరో, రీఇమేజ్ అనే పీసీ రిపేర్ ప్రోగ్రామ్‌ల కంపెనీలు కూడా ఇలాంటి మోసం కేసులోనే 2.6 కోట్ల డాలర్లకు సెటిల్ చేసుకున్నాయి.

పోనీ పేరున్న క్లీనర్ వాడితే? 2017లో సీక్లీనర్ 5.33 వెర్షన్ అధికారిక డౌన్‌లోడ్‌లోనే హ్యాకర్లు మాల్‌వేర్ కలిపేశారు. బయటపడే లోపు సుమారు 22.7 లక్షల మంది కంప్యూటర్లలోకి అది వెళ్లింది. తప్పు చేసింది హ్యాకర్లే, నిజమే. కానీ క్లీనర్‌కి మనం అడ్మిన్ పర్మిషన్ ఇస్తాం. అంత అధికారం ఉన్న ప్రోగ్రామ్ ఎంత తక్కువ అవసరమైతే అంత మంచిది.

“బ్యాకప్ తీసుకుంటే సరిపోతుంది కదా?”

చాలామంది అడిగే ప్రశ్న ఇది. బ్యాకప్ తీసుకోవడం తప్పకుండా మంచిదే, నేను తీసుకుని ఉంటే బాబాయికి ఆ రెండు రోజులు పోయేవి కావు. కానీ ఇందులో రెండు మెలికలు ఉన్నాయి.

మొదటిది, క్లీనర్ తీసే బ్యాకప్ సాధారణంగా ఒక రెగ్ ఫైల్. విండోస్ ఓపెన్ అయితేనే దాన్ని డబుల్ క్లిక్ చేయగలం. విండోసే బూట్ అవ్వకపోతే ఆ ఫైల్‌ని తాళం పడిన బీరువాలో ఉన్న తాళం చెవి అనుకోండి.

రెండోది, ఇంతకుముందు విండోస్ తనంతట తానే రిజిస్ట్రీ కాపీని రెగ్‌బ్యాక్ అనే ఫోల్డర్‌లో ఉంచుకునేది. మా బాబాయి సిస్టమ్‌లోనూ ఉండే ఉంటుంది, ఆ సంగతి నాకప్పుడు తెలియదు. విండోస్ 10 లో 1803 వెర్షన్ నుంచి, అంటే 2018 నుంచి, డిస్క్ స్పేస్ ఆదా కోసం మైక్రోసాఫ్ట్ ఈ ఆటోమేటిక్ బ్యాకప్‌ని ఆపేసింది. ఇప్పుడు ఆ ఫోల్డర్‌లో ఫైళ్లు కనిపించినా సైజు సున్నా కేబీ ఉంటుంది. పైగా చాలా కంప్యూటర్లలో సిస్టమ్ రీస్టోర్ కూడా మొదటి నుంచీ ఆఫ్‌లోనే ఉంటుంది. కాబట్టి ఏదైనా అయితే విండోస్ చూసుకుంటుందిలే అనుకోకండి.

ఈ ఒక్క పని మాత్రం ఇప్పుడే చేయండి. స్టార్ట్‌లో ‘క్రియేట్ ఎ రీస్టోర్ పాయింట్’ అని టైప్ చేయండి. వచ్చిన విండోలో సి డ్రైవ్ పక్కన ప్రొటెక్షన్ ఆఫ్ అని ఉంటే, కాన్ఫిగర్ నొక్కి ఆన్ చేయండి. తర్వాత క్రియేట్ నొక్కి ఒక రీస్టోర్ పాయింట్ పెట్టుకోండి. ఐదు నిమిషాల పని. చేతులు కాలాక ఆకులు పట్టుకునే అవసరం రాదు.

ఇప్పటికే ఫిక్స్ ఆల్ నొక్కేశారా?

కంగారు పడకండి, వరసగా ఇలా చేయండి.

మొదట, మళ్లీ ఇంకో క్లీనర్ వేయకండి. పుండు మీద కారం చల్లినట్టే.

బ్యాకప్ తీసుకుని ఉంటే ఆ రెగ్ ఫైల్ వెతకండి, చాలావరకు డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోనే ఉంటుంది. డబుల్ క్లిక్ చేసి యెస్ కొట్టి, సిస్టమ్ రీస్టార్ట్ చేయండి. పోయిన ఎంట్రీలు తిరిగి చేరతాయి.

బ్యాకప్ లేకపోతే సిస్టమ్ రీస్టోర్. స్టార్ట్‌లో ‘రికవరీ’ అని వెతికి, ఓపెన్ సిస్టమ్ రీస్టోర్ ద్వారా క్లీన్ చేసిన రోజుకి ముందున్న తేదీ ఎంచుకోండి. మీ ఫొటోలు, డాక్యుమెంట్లు పోవు. ఆ తేదీ తర్వాత ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రామ్‌లు, డ్రైవర్లు మాత్రం పోతాయి.

విండోస్ ఓపెనే అవ్వకపోతే, ఆన్ అవుతుండగా పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆఫ్ చేయండి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే రికవరీ స్క్రీన్ వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, సిస్టమ్ రీస్టోర్‌కి వెళ్లండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఇక్కడ బిట్‌లాకర్ రికవరీ కీ అడగొచ్చు. ఆ 48 అంకెల కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉంటుంది, ఫోన్‌లో లాగిన్ అయి చూసుకోవచ్చు.

ఏదీ కుదరకపోతే చివరి దారి ‘రీసెట్ దిస్ పీసీ’. అందులో కీప్ మై ఫైల్స్ ఎంచుకుంటే మీ ఫైళ్లు ఉంటాయి, కానీ విడిగా ఇన్‌స్టాల్ చేసుకున్న సాఫ్ట్‌వేర్‌లన్నీ పోతాయి. ట్యాలీ, డీటీపీ సాఫ్ట్‌వేర్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ డ్రైవర్ లాంటివి వాడే షాపులవాళ్లు ముందు సీరియల్ నంబర్లు, సెటప్ ఫైళ్లు చేతిలో ఉన్నాయో లేదో చూసుకున్నాకే ఇది నొక్కండి.

మరి స్లో కంప్యూటర్‌కి ఏం చేయాలి?

క్లీనర్ కావాలనిపించేది సిస్టమ్ స్లో అయినప్పుడే కదా. అసలు కారణాలు ఎక్కువగా ఇక్కడ ఉంటాయి.

స్టార్టప్ యాప్స్: కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. స్టార్టప్‌లోకి వెళ్లి అవసరం లేనివి డిజేబుల్ చేయండి. ఇది డిలీట్ కాదు, కావాలంటే మళ్లీ ఎనేబుల్ చేసుకోవచ్చు. ఆన్ అయ్యే టైమ్‌లో తేడా ఇక్కడే కనిపిస్తుంది.

హార్డ్ డిస్క్: అదే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ చూడండి. డిస్క్ ఎప్పుడూ 100 శాతం దగ్గరే ఉందా? అయితే పాత హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ వేయించండి. పాత సిస్టమ్‌కి నేను ఇచ్చే మొదటి సలహా ఇదే. మా బాబాయి కంప్యూటర్ చివరికి బాగుపడింది కూడా ఎస్‌ఎస్‌డీ వేశాకే.

ర్యామ్: బ్రౌజర్ తెరవగానే మెమరీ 90 శాతం దాటుతుంటే ర్యామ్ చాలడం లేదని అర్థం. 4 జీబీతో ఈరోజుల్లో కష్టం.

డిస్క్ స్పేస్: సి డ్రైవ్ నిండిపోతే విండోస్ ఇబ్బంది పడుతుంది. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్‌లోకి వెళ్లి టెంపరరీ ఫైల్స్ తీసేయండి. రీసైకిల్ బిన్, డౌన్‌లోడ్స్ దగ్గర మాత్రం ఏది టిక్ పెడుతున్నారో చూసుకోండి.

విండోస్ ఫైళ్లు పాడైతే: కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మిన్‌గా తెరిచి, ముందు డిస్మ్ టూల్‌తో రీస్టోర్ హెల్త్, తర్వాత సిస్టమ్ ఫైల్ చెకర్‌తో స్కాన్ నౌ నడపండి. ఇవి విండోస్‌తోనే వచ్చే టూల్స్. వీటి పని పాడైన సిస్టమ్ ఫైళ్లను సరైన కాపీతో మార్చడం.

ఒక ప్రోగ్రామ్ అన్‌ఇన్‌స్టాల్ అవ్వకపోతే: మైక్రోసాఫ్ట్ సైట్‌లో ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ అండ్ అన్‌ఇన్‌స్టాల్ ట్రబుల్‌షూటర్ దొరుకుతుంది. అది ఆ ఒక్క ప్రోగ్రామ్ సంగతి మాత్రమే చూస్తుంది.

రిజిస్ట్రీని అసలు ముట్టుకోకూడదా?

అలా అనను. నేనూ అప్పుడప్పుడు ఎడిట్ చేస్తుంటాను. కానీ దానికి నేను పెట్టుకున్న రూల్స్ మూడు. సమస్య ఏంటో, ఏ కీ మార్చాలో ముందే స్పష్టంగా తెలిసి ఉండాలి. మార్చే ముందు రెగ్‌ఎడిట్‌లో ఆ కీ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ కొట్టి సేవ్ చేసుకోవాలి. ఒకసారికి ఒకే మార్పు చేసి, రీస్టార్ట్ చేసి, అంతా బాగుందో లేదో చూసుకోవాలి.

డాక్టర్ ఒక పన్ను తీయడానికీ, నోట్లో చేతికి దొరికినవన్నీ పీకేయడానికీ ఉన్న తేడానే ఇది. క్లీనర్ చేసేది రెండోది. ఏం తీసిందో దానికీ సరిగా తెలియదు, మనకూ తెలియదు.

కాబట్టి 812 ఎర్రర్లు చూసి మెసేజ్ పెట్టిన తమ్ముడికి, అలాంటి స్క్రీన్ ముందు కూర్చున్న మీ అందరికీ నేను చెప్పేది ఇదే. ఆ 812 నిన్న కూడా ఉన్నాయి, మీ సిస్టమ్ నిన్న కూడా నడిచింది. వాటిని వాటి మానాన వదిలేయండి. ముందు ఒక రీస్టోర్ పాయింట్ పెట్టుకోండి, తర్వాత స్టార్టప్ లిస్ట్ చూడండి. ముఖ్యమైన సాఫ్ట్‌వేర్ సీరియల్ నంబర్లు ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. బిల్లు బుక్ అట్ట వెనకాల మాత్రం వద్దు.